ఒకే వైపు పారే నదిని చూసొచ్చిన మనిషి

మా రాజబాబు మావ ఫ్రాన్సు దేశంలో ఒక పల్లెటూళ్ళో నాలుగేళ్ళు ఉండి బర్మాకి, మా యాంగోన్ ఊరికి తిరిగొచ్చాడు. బోటాటౌంగ్‌లో మా వీధిలో ఈ సంగతి తెలియనివాళ్ళంటూ ఉంటే వాళ్ళకి చెవుడైనా ఉండాలి, నిన్ననే అద్దెకి దిగి అయినా ఉండాలి.

ఊరి పేరు సాన్ వలే. మావ పలికేటప్పుడు అందులో సగం ముక్కులోకి పోతుంది. ఊరిని ఆనుకుని అలియే అనే నది. నదికి అటూ ఇటూ పచ్చిక బయళ్ళు, వాటిలో తెల్లటి ఆవులు. మన సందుల్లో అట్టపెట్టెలు నమిలే ఆవులు కావట, ఉతికి ఆరేసినట్టుండే ఆవులు. ఒడ్డున పోప్లర్ చెట్లు దారం పట్టి నాటినట్టు వరసగా నిలబడి ఉంటాయి. రాతి ఇళ్ళు, ఎర్ర పెంకులు. చర్చి గంట ప్రతి గంటనీ రెండుసార్లు కొడుతుంది, మొదటిసారి పరధ్యానంగా ఉన్నవాళ్ళ కోసం రెండోసారి. ఊళ్ళో రొట్టెల దుకాణం మూతపడింది కాబట్టి రొట్టెలు వ్యాన్ ఎక్కి వస్తాయి. వ్యాన్ మలుపులో హారన్ కొడితే ముసలమ్మలు గుడ్డ సంచులతో బయటికొస్తారు. మధ్యాహ్నం అయ్యేసరికి కిటికీల చెక్క తలుపులన్నీ మూసుకుంటాయి. పొద్దున్నే నది మీంచి మంచు లేచి ఆవుల పొట్టల దాకా వస్తుంది.

"అప్పుడు ఆవులకి కాళ్ళుండవు" అంటాడు మావ.

అక్కడ ఆగుతాడు. వినేవాళ్ళు "అబ్బా" అనాలి. మా వీధి చివర టీ దుకాణంలో చిన్న ప్లాస్టిక్ పీటల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్న పెద్దమనుషులు, పొద్దున్నించి కరెంటు లేక చెమటలు కక్కుతూ, కాళ్ళులేని ఆవుల్ని తలుచుకుని "అబ్బా" అనేవారు. వాళ్ళలో ఒక్కడు కూడా "నువ్వక్కడ ఏం పని చేసేవాడివి?" అని అడగలేదు. అడిగితే కథ చెడిపోతుందని వాళ్ళకీ తెలుసేమో.

ఎలా వెళ్ళాడన్నది మాత్రం అందరికీ తెలుసు. మావ ఓడలో వంటవాడి కింద పనివాడుగా పోయాడు. ఆ ఓడ సొంతదారు ఎటో మాయమైతే, ఓడ ఒక ఫ్రెంచి రేవులో కదలకుండా ఉండిపోయింది. ఓడలోని మనుషులు తలో దిక్కూ పోయారు. మావ ఎవరి వెనకో రైలెక్కి దేశం నడిబొడ్డుకి పోయి సాన్ వలేలో తేలాడు. ఇది మేం చెప్పే పద్ధతి. మావ చెప్పే పద్ధతిలో "ఒక పెద్ద రైతు నన్ను పిలిపించుకున్నాడు."

తిరిగొచ్చాక మావకి యాంగోన్‌లో ఏదీ ఆనలేదు. మా మేడ మెట్లు చూసి ముక్కు మూసుకున్నాడు. మా అమ్మ పెట్టిన అన్నం ముందు కూర్చుని, రోగి పక్కన కూర్చున్నట్టు నిట్టూర్చేవాడు. అక్కడి నుంచి తెచ్చుకున్న ఉన్ని కోటుని గోడకి తగిలించాడు. వానాకాలం వచ్చేసరికి దానికి బూజు పట్టి మా గదంతా తడికుక్క వాసన వేసింది. అయినా తియ్యనివ్వలేదు. అన్నిటికన్నా ఎక్కువగా ఆయన ఏవగించుకున్నది మా నదిని.

"అది నదేటే? పొద్దున్నో పక్కకి పారుద్ది, సాయంత్రమింకో పక్కకి పారుద్ది. కుదురు నేని నది. సాన్ వలేలో నది ఒకే ఏపు ఎల్తాది. ఎల్లిందంటే ఎల్లిందే. ఎనక్కి సూడదు."

జెట్టీ పక్కన పుట్టి, పోటూ పాటూ చూసుకుని ఈత నేర్చుకున్న మనిషి ఈయన. సముద్రం ఎత్తినప్పుడు నీళ్ళు వెనక్కి వస్తాయని తెలియక కాదు. తెలిసి చిన్నచూపు. అమ్మ మాత్రం "సచ్చిపోయాడనుకున్నోడు తిరిగొచ్చేడు, వాగనీ" అనేది.

యాంగోన్‌లోనే లమ్మడా పేటలో పప్పుల టోకు వ్యాపారం చేసే ధర్మారావు గారు ఈ కథకి బాగా పడిపోయారు. ఆయన వారానికి రెండుసార్లు టాక్సీలో మా టీ దుకాణానికి వచ్చేవారు. ఇంట్లో మంచి టీ దొరకని మనిషి కాదు, మావ కోసమే వచ్చేవారు. ఒకరోజు మావ, నది ఒడ్డున గొడుగులాంటి పెద్ద చెట్టు కింద పొడుగాటి బల్ల వేసుకుని ఊరంతా ఆదివారం భోంచేసే సంగతి చెబుతుంటే, ధర్మారావు గారు టీ కప్పు కింద పెట్టేశారు.

"అబ్బాయ్ రాజబాబూ, అలాంటిది ఇక్కడే పెడితే? ఊళ్ళోవాళ్ళు ఆదివారం పూట ఎక్కడికీ పోలేక చస్తున్నారు. పడవెక్కి వస్తారు, బల్ల దగ్గర కూర్చుంటారు, నది చూస్తారు, తింటారు, పోతారు. ఫ్రెంచి పల్లె అని బోర్డు పెడదాం."

"నది ఏదండీ?" అన్నాడు మావ, దేశంలో నదే లేనట్టు.

"మీ అక్క పొలం ట్వంటే కాలవ పక్కనే కదా?"

అలా వాళ్ళిద్దరూ టీ దుకాణంలో కూర్చుని మా అచ్చమ్మ పెద్దమ్మ పొలాన్ని ఫ్రాన్సులో కలిపేశారు.

అచ్చమ్మ పెద్దమ్మ అమ్మకీ మావకీ అక్క. ట్వంటే కాలవ వంపులో ఉన్న ఊళ్ళోకి కోడలుగా పోయింది. అక్కడ తెలుగువాళ్ళవి వేళ్ళ మీద లెక్కపెట్టే ఇళ్ళు. మిగతావాళ్ళంతా బర్మావాళ్ళు, కరెన్లు. పెదనాన్న పోయాక ఆమె ఒక్కతే వరి వేసుకుంటోంది. పిల్లల్లేరు. ఆమెకున్నదంతా కాలవని ఆనుకున్న ఆ పొలమే. ఏటికి ఒక్క పంట. అది పోతే మళ్ళీ ఏడాది దాకా తినడానికి ఇంకొకరి గుమ్మం ముందు నిలబడాలి. అలా నిలబడే మనిషి కాదామె.

ఆ ఊరి గురించి ఒక సంగతి చెప్పాలి. పొలాలన్నీ పోటు నీటికన్నా పల్లంగా ఉంటాయి. కాలవకీ పొలాలకీ మధ్య ఒక మట్టికట్ట ఉంది. ఎవరి పొలం ముందున్న కట్ట ముక్క వాళ్ళు చూసుకోవాలి. తెగితే ఒక్కరి పొలం కాదు, వరసగా అన్నీ మునుగుతాయి. అందుకని అక్కడొక ఆచారం ఉంది. ఎవరి ముక్క తెగిందో ఆ ఇంటి మనిషి ముందుగా గండిలోకి దిగి నిలబడాలి. ఆ మనిషి నీళ్ళలో నిలబడేదాకా ఊరివాళ్ళు ఎవరూ ఒక్క తట్ట మట్టి కూడా వెయ్యరు. దిగాక ఊరు ఊరంతా వేస్తుంది.

కట్టకి బయట, కాలవ బురదలో దని పెరుగుతుంది. మాను లేకుండా బురదలోంచే మట్టలు లేచే పొట్టి తాటిలాంటి చెట్టు. ఆకులు ఇళ్ళ కప్పులకి కుడతారు. కోసేటప్పుడు బయటి మట్టలే కోసి, నడిమి మొవ్వునీ దానికి అటూ ఇటూ ఒక్కో మట్టనీ వదిలేస్తారు. ఇసుక పడవలు మోటార్లు వేసుకుని పోయేటప్పుడు లేచే అలలు ఆ దని గుబురులో చచ్చి, కట్టని తాకేసరికి తడి చెయ్యడం తప్ప ఏమీ చెయ్యలేవు.

ఎండాకాలంలో అమ్మకి కంటి ఆపరేషన్ అయింది. చూసుకోవడానికి పెద్దమ్మ బోటాటౌంగ్ వచ్చింది. ఆమె బాతుల్నీ ఇంటినీ చూడడానికి నన్ను అక్కడికి పంపారు. అదే అదనని మావ కూడా నాతోపాటు దలా రేవు దాటి వచ్చాడు. బయల్దేరేముందు పెద్దమ్మని అడిగాడు.

"అప్పా, కాలవ ఒడ్డున ఒక బల్ల ఏసుకుంతాను."

"ఏసుకో. మడిలో మాత్రం అడుగెట్టకు" అంది పెద్దమ్మ.

దని జోలికి పోవద్దని చెప్పలేదు. చెప్పాల్సిన మాట అని ఆమెకి తట్టలేదు. అన్నంలో మట్టి కలపొద్దని ఎవరు ఎవరికి చెబుతారు?

మావ వచ్చిన మర్నాడే కట్ట మీద నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"నదేదే కనబడదూ? ఈ చెత్తంతా అడ్డమొచ్చీసింది."

ట్వంటే టౌను నుంచి కత్తి కొనుక్కొచ్చాడు. పక్క పొలం ఊ తెయిన్, పళ్ళులేని ముసలి బర్మా రైతు, నరుకుడు చప్పుడు విని వచ్చాడు. వాళ్ళు బర్మా భాషలోనే మాట్లాడుకున్నారు. పేరు ముందు 'కో' అంటే వాళ్ళకి అన్న అని.

"కో రాజా, ఆకు కావాలంటే కోసుకో. మొవ్వు వదిలెయ్."

"ఊ తెయిన్, నేను ఫ్రాన్సులో నాలుగేళ్ళు నది పక్కన ఉన్నాను. అక్కడ ఏటా చలికాలంలో ఒడ్డు చెట్ల తలలు నరికేస్తారు. ఎండాకాలానికి మళ్ళీ రెండింతలు వస్తాయి."

"ఏం చెట్లు అవి?"

"విల్లో చెట్లు."

"ఇవి దని."

"చెట్టు చెట్టే కదా, ఊ తెయిన్."

ముసలాయన చుట్ట నోట్లోంచి తీసి, మావని కాసేపు చూసి, నావైపు చూసి, "మీ మావకి జ్వరమా?" అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన కట్ట మీద ఉమ్మేసి పోతూ పోతూ అన్నాడు: "కట్ట తెగితే గండిలో దిగాల్సింది నువ్వో మీ అక్కో. గుర్తుంచుకో."

నేను కూడా చెప్పాను. పెద్దమ్మ వచ్చేదాకా ఆగమన్నాను. మావ నవ్వాడు.

"ఒలే గుంటా, బడి మానేసినదానివి, నీకేటి తెలుసే? ఈ కాలవ దాటి ఎప్పుడైనా ఎల్లేవా? ఎల్లి నీళ్ళు పట్టుకురా."

మొవ్వులతో సహా నరికేశాడు. బురద అంచున కోసేసిన మొదళ్ళు గుండ్రటి తెల్లటి మచ్చల్లా మిగిలాయి. అప్పుడు నిజంగానే కాలవ కనిపించింది. గోధుమరంగు నీళ్ళు, అవతలి ఒడ్డున ఇటుకల బట్టీ, మధ్యలో ఇసుక మోసుకుపోయే పడవ, దాని వెనక నీలిపొగ. ఇదీ మావ అడ్డు తీసి చూసుకున్న అందం. ఇక బల్లకి చోటు కావాలి. నీళ్ళకి దగ్గరగా ఉండాలి కదా, సాన్ వలేలో లాగ. పాటు సమయంలో నీళ్ళు బాగా వెనక్కి పోయి ఉండగా దిగి, అంచు చూసుకుని, కట్టకి బయటివైపు సిమెంటు దిమ్మలు పోసి బల్ల బిగించాడు. సిమెంటు కలపడానికి ధర్మారావు గారు యాంగోన్ నుంచి పిడి నిటారుగా ఉండే పార ఒకటి పంపించారు. ఆ ఊళ్ళో అందరికీ వంపు పారలే. ఆ నిటారు పారని చూసి పిల్లలు కూడా నవ్వారు.

బర్మావాళ్ళ కొత్త సంవత్సరం, తింజాన్ నీళ్ళ పండగ దాటాక ఒక ఆదివారం ధర్మారావు గారు అద్దె పడవలో వచ్చారు. తెల్ల చొక్కా, తోలు చెప్పులు, కింద వేసుకోవడానికి దిండు. మావ బల్ల మీద గుడ్డ పరిచి రొట్టె పెట్టాడు. నేను బాతు కూర వండి కట్ట మీంచి అందిస్తున్నాను.

"చూశారా, ఆ గాలి! అచ్చం అలియే ఒడ్డే" అన్నాడు మావ.

"అబ్బా" అన్నారు ధర్మారావు గారు. ఇటుకల బట్టీ వైపు చూస్తూ.

తింటూ ఉన్నారు. తింటూ మాట్లాడుకుంటూ ఉన్నారు. బోర్డు మీద అక్షరాలు ఏ రంగులో ఉండాలన్నది మాట. నేను నీళ్ళని చూస్తూనే ఉన్నాను. మొదట ధర్మారావు గారి చెప్పులు తేలాయి. ఒకటి బల్ల చుట్టూ తిరిగి ట్వంటే వైపు ప్రయాణం కట్టింది.

"రాజబాబూ, ఇదేంటి, నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయి?"

"పోటండీ. కాసేపే. పోయిద్ది."

"మీ సాన్ వలేలో ఇలా వస్తుందా?"

"అక్కడ రాదండీ. అక్కడ నదికి పద్దతుంది."

ధర్మారావు గారు పంచె మోకాళ్ళ దాకా ఎత్తుకుని, దిండు నెత్తిన పెట్టుకుని కట్టెక్కారు. బాతు కూర గిన్నె కూడా తేలుతూ పోబోతే నేను పట్టుకున్నాను. పడవ ఎక్కేముందు ఆయన చాలా హుందాగా, "బల్ల కొంచెం ఎత్తు చెయ్యాలయ్యా" అన్నారు. అదొక్కటే లోపమన్నట్టు.

వానలకి ముందు పెద్దమ్మ తిరిగొచ్చింది. పడవ దిగి, కట్టెక్కి, ఆ తెల్లటి మచ్చల్ని చూసింది. సంచీ కింద పెట్టలేదు. చేతిలోనే పట్టుకుని అలాగే నిలబడింది.

"ఎవురు నరికేరు?"

"నానే అప్పా. మళ్ళీ వచ్చెత్తాయి. అక్కడ..."

"మొవ్వు కూడా నరికీసేవా?"

మావ బల్ల వైపు చూశాడు.

"ఒరే, పీక కోసీసి జుత్తు పెరుగుద్దంతావేటిరా?" అంది. అంతే. తరవాత తిట్టలేదు. తిడితే బాగుండేది. మర్నాటి నుంచి ఒక్కతే వెదురు కర్రలు దిగేసి, గోనెసంచుల్లో మట్టి నింపి, కట్ట బయటివైపు ఆనించడం మొదలుపెట్టింది. నేను మోశాను. మావ బల్ల కాళ్ళు ఎత్తు చేస్తున్నాడు.

ఇసుక పడవ పోయిన ప్రతిసారీ అల నేరుగా వచ్చి కట్టని కొట్టేది. ఒక్కో దెబ్బకి పిడికెడు మట్టి. చూస్తే ఏమీ జరగనట్టే ఉండేది. కానీ కట్ట మీద నేను నడిచే దారి సన్నబడుతూ వచ్చింది. వానలు పడ్డాయి. ఆగితే అదను పోతుందని పెద్దమ్మ విత్తనం నానబెట్టి ఆకుమడి చల్లింది. కట్టకి దగ్గర్లోనే, ఎప్పుడూ చల్లే చోటే. మొలక లేచి ఆకుపచ్చ ముఖమల్ పరిచినట్టయింది. కాలవ నీళ్ళలో ఉప్పు ఇంకా పోలేదు. వానలు ముదిరితేగాని అది పోదు.

జ్యేష్ఠ పున్నమి పోటుకి కట్ట తెగింది.

పట్టపగలు. నేను బాతులకి నూకలు వేస్తున్నాను. పెద్ద చప్పుడేం కాలేదు, తడిగుడ్డ చింపినట్టు వినిపించింది. మనిషి పట్టేంత సందు. చూస్తుండగానే ఇద్దరు పట్టేంత. నీళ్ళు దిమ్మల నుంచి ఊడిన బల్లని కూడా తోసుకుంటూ లోపలికి వచ్చాయి. ఆ బల్ల నేరుగా ఆకుమడిలోకి వచ్చి బోర్లా పడింది.

ఊరు పోగయింది. ఊ తెయిన్, ఆయన కొడుకులు, కరెన్ ఆడవాళ్ళు, తెలుగు ఇళ్ళవాళ్ళు, అందరూ తట్టల నిండా మట్టి పెట్టుకుని గండికి రెండు పక్కలా కట్ట మీద నిలబడ్డారు. ఎవరూ తట్ట దించలేదు. ఎవరూ అరవలేదు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. గట్టుకి అవతల ఊ తెయిన్ ఆకుమడి కూడా ఉంది. అయినా ఆయన అలాగే నిలబడి మా మావ వైపు చూస్తున్నాడు.

మావ ఫోను తీశాడు.

"ధర్మారావు గారికి సెప్పి మట్టి తవ్వే మిసిను తెప్పిత్తాను. ట్వంటేలో ఉంతాది. ఒక్క గంట."

"గంటకి మడి ఉంతాదేట్రా?" అంది పెద్దమ్మ.

"సిగ్నల్ నేదు. అటేపు ఎల్లి సేత్తాను."

ఫోను చెవికి పెట్టుకుని నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడు నాకు ఆ మనిషి మీద ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. అబద్ధాలు చెప్పినందుకు కాదు. అబద్ధాలు ఎవరైనా చెబుతారు. అందరూ చూస్తుండగా అక్కని గండి ముందు వదిలి సిగ్నల్ వెతుక్కుంటున్నందుకు.

పెద్దమ్మ ఇక ఆయన వైపు చూడలేదు. లుంగీ పైకి దోపుకుంది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. కట్ట అంచున కూర్చుని ఒక కాలు నీళ్ళలో పెట్టింది. ప్రవాహం కాలిని పక్కకి లాగేసింది. నేను ఆమె రెక్క పట్టుకున్నాను. "ఒగ్గే" అంది. రెండో కాలు కూడా పెట్టింది.

"అప్పా! ఆగు!"

మావ ఫోను నా మీదికి విసిరి దూకాడు. గొప్పగా ఏం దూకలేదు. జారి పడ్డాడు. మునిగి, తేలి, బూతులు తిడుతూ వెదురు కర్ర పట్టుకుని లేచాడు. నీళ్ళు రొమ్ము దాకా వచ్చాయి. గండికి అడ్డంగా, వీపు కాలవ వైపు పెట్టి నిలబడ్డాడు.

ఊ తెయిన్ మొదటి తట్ట కుమ్మరించాడు.

ఆ తరవాత మాటల్లేవు. తట్ట వెనక తట్ట. సంచులు, వెదురు, గడ్డి, మట్టి. కాసేపటికి మావ కాళ్ళ కింద గట్టి నేల దొరికించుకుని, "ఆ పార ఇటివ్వండి, నా పార!" అని అరిచాడు. అందరూ నవ్వుకున్న ఆ నిటారు పిడి పార. నేనే తెచ్చి ఇచ్చాను.

అప్పుడు చూశాను. మావ కాళ్ళు ఎడంగా పెట్టి, నడుం దించి, మోకాళ్ళ మీంచి తిరుగుతూ మట్టి ఎత్తుతున్నాడు. పార మట్టిలోకి పోవడం, లేవడం, తిరగడం, పడాల్సిన చోట పడడం అంతా ఒకే కదలిక. చూపు పార మీద లేదు. ఒక్క ముద్ద జారలేదు. ఊపిరి కూడా ఆ కదలికతోనే లోపలికీ బయటికీ. చుట్టూ ఉన్నవాళ్ళు రొప్పుతున్నారు, మార్చుకుంటున్నారు. మావ మారలేదు. పోటు తగ్గి నీళ్ళు వెనక్కి పోయేదాకా అలాగే ఎత్తాడు. పెద్ద రైతు పిలిపించుకున్న మనిషికి ఆ ఎత్తడం ఎక్కడిది? బల్ల దగ్గర కూర్చుని నది చూస్తూ ఆ ఒడుపు ఎవరికీ రాదు.

గండి పూడింది. ఊ తెయిన్ మడి దక్కింది. మా ఆకుమడిలో సగం బురద కింద పోయింది, మిగిలిన దానిలో కొంత ఉప్పుకి ఎర్రబడింది. పెద్దమ్మ గట్టు మీద కూర్చుని చూసుకుంది. నేను అన్నం, చేపల పులుసు తెచ్చాను. మావ ముద్ద కలుపుతున్నాడు.

"ఎన్నావులురా అక్కడ?" అని అడిగింది పెద్దమ్మ ఉన్నట్టుండి.

మావ తల ఎత్తలేదు. "డెబ్బయ్యో ఎనబయ్యో."

"పేడ నువ్వే ఎత్తీవోడివా?"

"మరెవురెత్తుతారు? సలికాలం ఆవులన్నీ కొట్టంలోనే. కిందంతా గడ్డి, పేడ, ఉచ్చ. అడుగు మందం గట్టిపడిపోద్ది. రోజూ ఎత్తాల. ఇలాంటి పారతోనే."

"ఎక్కడ పడుకునీవోడివి?"

"కొట్టం పైన. గడ్డి మోపులు పెట్టే అటక మీద. ఆవుల ఆవిరికి ఎచ్చగానే ఉండీది."

"ఆ బల్ల కాడ కూకోబెట్టీవోరా?"

మావ ముద్ద నోట్లో పెట్టుకుని పులుసు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"కంచాలు మోసీవోణ్ణి."

పెద్దమ్మ ఇంకా అడిగింది. అక్కడి ఆవు ఎన్నాళ్ళకి ఈనుద్ది, దూడ అడ్డం తిరిగితే ఏం చేస్తారు, ఆ ముసలి రైతు మంచోడా. మావ ఒక్కోదానికీ జవాబు చెప్పాడు. ముసలి రైతు మంచోడే, కానీ నాలుగేళ్ళలో పేరు నేర్చుకోలేదు, "చైనావాడా" అని పిలిచేవాడు. దూడ కాళ్ళకి తాడు కట్టి, ఆవు నొప్పి తీసినప్పుడే లాగాలి. మంచు ఆవుల పొట్టల దాకా రావడం నిజమే. తెల్లారగట్ట పేడ బండి తోసుకుంటూ పోయేటప్పుడు చూసేవాడు. ముక్కులోంచి ఒక్క మాట కూడా పలకలేదు ఆ పూట. నేను గిన్నెలు తీస్తూ విన్నాను. నాకు జాలేం వేయలేదు. నాలుగేళ్ళు పేడ ఎత్తిన మనిషి తిరిగొచ్చి, ఎత్తించుకున్నవాడిలా అక్క పొలం మీద నిలబడడం నాకు ఇంకా మింగుడు పడలేదు.

నాట్ల సమయానికి ఊ తెయిన్ తన మడిలో మిగిలిన నారు కట్టలు మా గట్టు మీద పడేసి వెళ్ళాడు. ఇంకో ఇద్దరు కూడా తెచ్చారు. గండిలో దిగిన ఇంటికి అలా ఇస్తారు. పొలంలో కట్ట పక్క కొంత మేర ఉప్పుకి బీడు పడిపోయింది. మిగతాది ఊడ్చాం. ఏడాదికి సరిపడా రాకపోవచ్చుగాని, గుమ్మాల ముందు నిలబడక్కర్లేకుండా వస్తుంది. మావ పడవలో తిరిగి రాలిన దని కాయలు ఏరుకొచ్చి, కట్ట బయట బురదలో గుచ్చాడు. అవి అలని ఆపేంత అవ్వాలంటే ఏళ్ళు పడుతుంది. అప్పటిదాకా ప్రతి పోటుకీ ఆ ముక్క దగ్గర ఒకరు కాపలా ఉండాలి. మావే ఉంటున్నాడు.

నాట్లయ్యాక నేను ఇంటికొచ్చేశాను. మధ్యలో ఒకసారి మావ కూడా అమ్మని చూడడానికి బోటాటౌంగ్ వచ్చాడు. టీ దుకాణంలో పెద్దమనుషులు చోటిచ్చారు. ధర్మారావు గారు కొత్త చెప్పులతో వచ్చారు.

"చెప్పవయ్యా, ఎన్నాళ్ళయిందో విని. ఆ ఆదివారం బల్ల సంగతి చెప్పు."

మావ కొట్టం సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. పేడ గడ్డకట్టడం, దూడని తాడుతో లాగడం, అటక మీద ఎలకలు. మా మెట్ల మీంచి నేను వాళ్ళ ముఖాలు చూస్తూనే ఉన్నాను. మొదట ఒకరు వాచీ చూసుకున్నారు. ఇంకొకరికి ఇంట్లో పని గుర్తొచ్చింది. ధర్మారావు గారు దూడ బయటికి రాకముందే లేచారు.

"అదంతా మాకెందుకులే అబ్బాయ్. పొలం దగ్గర ఉండి ఉండి నీకు మాటతీరు పాడైపోయింది" అన్నారు.

నిజం చెబితే వినడానికి ఒక్క పీట కూడా మిగల్లేదు. మావ టీ చల్లారేదాకా కూర్చుని, మర్నాడు పొద్దున్నే రేవు దాటాడు.

ఇప్పుడు ఊళ్ళో బర్మావాళ్ళు ఆ చోటుని "కో రాజా గండి" అంటున్నారు. ఇసుక పడవల వాళ్ళు కూడా అక్కడికొచ్చేసరికి "కో రాజా గండి, మోటారు తగ్గించు" అని ఒకరికొకరు కేకలు వేసుకుంటారు. నేను నెలకోసారి పెద్దమ్మని చూడడానికి వెళ్ళినప్పుడు మావ కట్ట మీద నిలబడి ఆ కేక కోసం చెవులు రిక్కించి ఉంటాడు.

"ఇన్నావేటే? కాలవ కాలవంతా నా పేరే."

అది గౌరవమే అనుకుంటున్నాడు. పెద్దమ్మ అనుకోనిస్తోంది.